స్వామిపాల వివాదం

మన ధర్మశాస్త్రాలు తీర్పు కోసం వచ్చే తగాదాలను పద్దెనిమిది రకాలుగా విడగొట్టాయి. తీసుకున్న అప్పు తీర్చకపోవడం, దాచమని ఇచ్చిన సొమ్మును కాజెయ్యడం, పొలాల సరిహద్దులు, కూలి ఎగవేత, జూదం, ఇలా సాగుతుంది ఆ జాబితా. అందులో ఒకదాని పేరు స్వామిపాల వివాదం. స్వామి అంటే ఇక్కడ పశువుల యజమాని. పాలుడంటే వాటిని కాచేవాడు. తన పశువును ఇంకొకరి చేతిలో పెట్టినవాడికీ, దాన్ని చేతిలోకి తీసుకున్నవాడికీ మధ్య వచ్చే పేచీ అన్నమాట.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో దీని నియమాలున్నాయి. పగటిపూట పశువుకు ఏదైనా అయితే పూచీ కాపరిది. రాత్రి యజమాని ఇంట్లో ఉన్నప్పుడు అయితే పూచీ యజమానిది. పశువు చచ్చిపోతే కాపరి వట్టి చేతులతో వచ్చి "పోయిందండీ" అంటే చెల్లదు; చెవులో, తోలో, తోకో తెచ్చి చూపాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రమూ అదే మాట చెబుతుంది: ఆవూ గేదే అయితే ముద్ర ఉన్న తోలు, గొర్రే మేకా అయితే తోలుతో పాటు గుర్తున్న చెవి అప్పగించాలి. (మనువు పేరెత్తగానే ముఖం చిట్లించే మిత్రులు కాస్త ఓర్చుకోవాలి. ఆ పుస్తకంలో నాకూ మింగుడుపడనివి చాలా ఉన్నాయి. ఇది వాటిలోది కాదు.)

ఇవన్నీ ఆసక్తికరమైనవే గానీ, నేను ఆగి రెండోసారి చదువుకున్న నియమం మరొకటి. దొంగలు బాహాటంగా వచ్చి పశువును తోలుకుపోతే కాపరి పరిహారం ఇవ్వనక్కరలేదు. అయితే ఒక షరతు ఉంది. తగిన చోట, తగిన వేళలో ఆ కబురు తన యజమానికి చెప్పి ఉండాలి. అంటే పశువు పోవడం తప్పు కాకపోవచ్చు, పోయిందని చెప్పకపోవడం మాత్రం తప్పే. యాజ్ఞవల్క్యస్మృతిలోనూ ఈ స్వామిపాల వివాదానికి ఒక ప్రకరణం ఉంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో మన కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు. ఆవులమందలతో పాటే కాలగర్భంలో కలిసిపోయిన వ్యవహారం కదా ఇది, ఇప్పుడు ఎవరికి కావాలి అనిపించవచ్చు. కొన్నేళ్ళ కిందటి దాకా నాకూ అలాగే ఉండేది.

* * *

మా వైపు, అంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో (2022 ఏప్రిల్లో వీటిలోంచి పల్నాడు, బాపట్ల వేరుపడ్డాయి గానీ నాకింకా పాత పేర్లే నోటికొస్తాయి) పట్నాల శివార్లలో, పత్తి చేలూ మిరప చేలూ మొదలయ్యే అంచున, ఒక కొత్త రకం బోర్డు కనబడుతోంది. బోర్డు మీద 'డాగ్ బోర్డింగ్' అని ఉంటుంది. జనం మాత్రం 'కుక్కల హాస్టలు' అంటారు. నాలుగు రేకుల గదులు, ఇనపజాలీ, కూలర్లు, నీళ్ళ తొట్టి, ఒక వేపచెట్టు. ఊరెళ్ళేవాళ్ళు రోజుకింత అని కట్టి కుక్కను అక్కడ వదిలి వెళతారు.

హాస్టలు అన్న మాట మావాళ్ళకు ఊరికే రాలేదు. గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీలు వెలిసిన కాలం నుంచీ పిల్లల్ని హాస్టల్లో వెయ్యడం మాకు అలవాటు. ఆదివారం ఫోన్లో పిల్లవాడు "బాగున్నాను" అంటాడు, పక్కన వార్డెన్ నిలబడి ఉంటాడు. ఆ "బాగున్నాను"లో ఏముందో, ఏం లేదో కనిపెట్టలేక తల్లులు వారమంతా మథనపడేవాళ్ళు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై అమెరికా వెళ్ళారు. ఇప్పుడు పురుళ్ళకో, మనవల బారసాలలకో అమ్మానాన్నలు ఐదారు నెలలు అక్కడికి వెళ్ళాలి. వెళ్ళేముందు ఇంట్లో మిగిలినదాన్ని, అంటే కుక్కను, హాస్టల్లో వెయ్యాలి.

వెనకటి రోజుల్లో ఇంత బాధ లేదు. పల్లెల్లో కుక్క పేరుకు ఒకరిది, నిజానికి వీధిది. యజమాని ఊరెళితే పక్కింటావిడ ఇంత అన్నం పడేసేది, పాలేరు రాత్రి పశువుల కొట్టంలో పడుకుంటే వాడి కాళ్ళ దగ్గర పడుకునేది. దానికి ఒంట్లో బాగుండకపోతే వీధంతటికీ తెలిసేది. కబురు దానంతటదే నడిచి వెళ్ళేది. పెయ్యదూడను పాలికిచ్చినా అంతే. పెంచేవాడు అదే ఊళ్ళో ఉండేవాడు. వారానికోసారి అటు వెళ్ళినప్పుడు చూసి, డొక్కలు లోపలికి పోయి ఉంటే అక్కడే అడిగేసేవారు. పడమటి ప్రకాశం మెట్టల నుంచి గొర్రెల మందలు తోలుకుని నెలల తరబడి దూరం పోయే కాపరుల సంగతి వేరు. వాళ్ళ మందలో పదిమంది జీవాలుంటే, ఏ చెవికి ఏ గాటు ఎవరిదో గుర్తుంచుకుని, తిరిగొచ్చాక ఏది ఈనింది, ఏది పోయింది ఒక్కొక్కటీ లెక్క అప్పజెప్పాలి. చూపు ఆనని దూరం వచ్చినప్పుడల్లా లెక్క చెప్పడమనే పని కూడా వచ్చింది. ఈ హాస్టళ్ళలో మనకు దూరం వచ్చింది గానీ, లెక్క చెప్పడం ఇంకా రాలేదు. దాని స్థానంలో వాట్సాప్ ఫోటో వచ్చింది.

* * *

మా బాబాయికి ఒక కుక్క ఉంది. లేత పసుపు రంగు లాబ్రడార్. పేరు దొరబాబు. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. బాబాయి చాలాకాలం ఊళ్ళో మిరప, పత్తి పండించి, మోకాళ్ళు మొండికెయ్యడంతో పొలం కౌలుకిచ్చి గుంటూరు చేరాడు. ఒక ఏడాది మార్చి ఆఖరులో ఆయనా పిన్నీ డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతూ దొరబాబును శివార్లలోని ఒక హాస్టల్లో వదిలారు. రోజుకు నాలుగు వందలు. నడిపేది పాతికేళ్ళ కుర్రవాడు. మర్యాదస్తుడు. రోజూ ఒక ఫోటో పంపుతానన్నాడు, పంపాడు కూడా. కింద ఒకే మాట ఉండేది: "దొరబాబు బాగున్నాడు సార్."

ఏప్రిల్ అంతా ఆ ఫోటోలు చూసి మేమంతా మురిసిపోయాం. కుటుంబం గ్రూపులో అందరికీ వచ్చేవి. దొరబాబు వేపచెట్టు కింద, దొరబాబు తొట్టిలో, దొరబాబు జాలీ దగ్గర నాలుక బయటపెట్టి. ఒకదాంట్లో వెనక పక్కపొలం వాళ్ళ కల్లం కనబడుతుంది. ఎర్రటి మిరపకాయలు నేలంతా పరిచి ఉంటే, ముందు పచ్చగా ఈ కుక్క. మా చెల్లెలు దాన్ని తన ఫోన్లో తెరబొమ్మగా పెట్టుకుంది కూడా.

జులైలో ఒకరోజు పొద్దున్నే బాబాయి ఫోను. నేనుండేది ఒంగోలులో. ఇక్కడ ఏడున్నర, అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది.

"ఒరే అబ్బాయ్, ఆషాఢమాసంలో కల్లంలో మిరపకాయలేంట్రా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆ రోజు వచ్చిన ఫోటో చూడమన్నాడు. దొరబాబు జాలీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కుడిచేతి మూల, వేలిగోరంత మేర, ఎరుపు. పెద్దది చేసి చూస్తే మిరపకల్లం. మా ప్రాంతం వాళ్ళకు విడమర్చి చెప్పనక్కరలేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతాను. మిరపకోతలు జనవరి నుంచి వేసవి దాకా సాగుతాయి. ఆ రోజుల్లోనే కల్లాలు ఎర్రబడతాయి. ఎండిన కాయ టిక్కీలకెక్కి యార్డుకో కోల్డ్ స్టోరేజికో వెళ్ళిపోయాక, తొలకరికి కల్లం మీద గడ్డి మొలుస్తుంది. జులైలో ఆ నేలల్లో కనిపించేది పత్తి మొలకలు. అంటే ఆ ఫోటో మూడు నెలల కిందటిది. కుర్రవాడు పాత ఫోటోలు వెతికి మళ్ళీ పంపుతున్నాడు. తేదీని ఎవరైనా మార్చగలరు, పైరును మార్చలేరు కదా. నలభై ఏళ్ళు మిరప పండించిన మనిషి కంటికి ఆ మూల ఎరుపే పట్టుబడింది.

"ఫోన్ చేస్తే బాగానే ఉన్నాడంటాడు. వీడియో పెట్టమంటే సిగ్నల్ లేదంటాడు. నువ్వొకసారి వెళ్ళిరా నాయనా," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం కంటే వేరేదేదో ఎక్కువ వినబడింది.

ఆ వేరేదాన్ని గురించి ఇక్కడొక మాట చెప్పాలి. మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క కథ ఉంది. జనమేజయుడి తమ్ముళ్ళు యజ్ఞశాల దగ్గరికి వచ్చిన ఒక కుక్కపిల్లను తప్పేమీ లేకుండానే కొడతారు. దాని తల్లి సరమ, దేవతల కుక్క, రాజు దగ్గరికి వచ్చి నా బిడ్డ ఏ తప్పు చేసిందని కొట్టారని అడుగుతుంది. వాళ్ళు జవాబు చెప్పరు. అప్పుడు సరమ ఇచ్చిన శాపం ఏమిటంటే, మీకు ఊహించని భయం కలుగుగాక అని. అడిగినదానికి జవాబు రాకపోతే పుట్టేది సరిగ్గా ఆ భయమే. కుక్కకు జ్వరమని తెలిస్తే మందు గురించి ఆలోచిస్తాం. చచ్చిపోయిందని తెలిస్తే ఏడుస్తాం. ఏమీ తెలియకపోతే, పధ్నాలుగువేల కిలోమీటర్ల అవతల రాత్రి నిద్రలేచి పాత ఫోటోలో మూలలు వెతుకుతూ కూర్చుంటాం.

* * *

ఒంగోలు నుంచి మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట మీదుగా గుంటూరు చేరేసరికి పది దాటింది. దారి పొడుగునా నల్లరేగడిలో పత్తి రెండాకుల మీద ఉంది. హాస్టలు దగ్గర ఆ కుర్రవాడు నన్ను చూడగానే, ఎవరని అడగకుండానే, "లోపలున్నాడు సార్" అన్నాడు.

దొరబాబు సిమెంటు నేల మీద పక్కకు పడి ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తోక ఒకసారి నేలకు కొట్టాడు, లేవలేదు. వీపు మీద ఎముకలు వేళ్ళకు తగులుతున్నాయి. ముక్కు చివర ఎండిన రక్తం. పక్కన గిన్నెలో అన్నం అలాగే ఉంది, నీళ్ళు సగం ఉన్నాయి. గది శుభ్రంగా ఉందనీ, కూలర్ తిరుగుతోందనీ కూడా నేను చెప్పాలి. అశ్రద్ధ చేసిన చోటు కాదది.

కారులో వేసుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం, కుర్రవాడూ నేనూ. ఆయన పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. లేత గులాబీ రంగులో ఉండవలసినవి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104 డిగ్రీలు. (ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉండడం మామూలే, మన లెక్కతో చూసి కంగారుపడకూడదు.) పొట్ట కింద ఎర్రటి చుక్కలు. తరవాత ఆయన రెండు ప్రశ్నలు అడిగాడు.

"తిండి మానేసి ఎన్నాళ్ళైంది?"

"ఆరు రోజులు సార్. ఎండాకాలంలో కూడా కొంచెం తగ్గించాడు. బెంగ పెట్టుకున్నాడనుకున్నా," అన్నాడు కుర్రవాడు.

"మామూలుగా అన్నం మానే అలవాటు ఉందా దీనికి?"

దానికి జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. నేను డాలస్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. మొదటి రింగుకే ఎత్తాడు బాబాయి. ప్రశ్న విని, "ఎండలకు అన్నం తగ్గిస్తాడండీ, నిజమే. కానీ పెరుగన్నం ఏనాడూ వదల్లేదు. జ్వరమొచ్చినప్పుడు తప్ప," అన్నాడు. ఆ వెనకాలే పిన్ని గొంతు: "రెండేళ్ళ కిందట కూడా ఇట్లాగే ముక్కులోంచి రక్తమొస్తే గోమారి జ్వరమన్నారు. ఆ సంగతి చెప్పు వాళ్ళకి."

డాక్టరు కలం ఆగింది. "ఆ ముక్క ఆరు రోజుల కిందటే ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది," అన్నాడు మెల్లగా.

గోమారి జ్వరాల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఎర్లీకియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. గోధుమరంగు కుక్క గోమారి కరిస్తే ఒంట్లోకి చేరుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కువెంట రక్తం రావచ్చు, కళ్ళు దెబ్బతినవచ్చు. నయమైనట్టే కనబడి, నెలలో ఏళ్ళో ఒంట్లోనే అణిగి ఉండి మళ్ళీ పైకి రావచ్చు కూడా. త్వరగా పట్టుకుంటే చవకగా దొరికే డాక్సీసైక్లిన్ మాత్రలతోనే లొంగుతుంది. మొదట కనిపించే గుర్తు మాత్రం చాలా మామూలుది: తిండి మీద ఇష్టం పోవడం, నిస్సత్తువగా పడి ఉండడం. కొత్తచోట వదిలిన కుక్క బెంగతో చేసేదీ అచ్చంగా ఇదే.

నాకు ఆ బల్ల దగ్గర నిలబడ్డప్పుడు తోచిన విషయం ఇదీ. బెంగా జ్వరమా అన్నది కుర్రవాడికి తెలిసే వీలు లేదు, ఎందుకంటే వాడు చూసింది ఇవాళ్టి దొరబాబును. బాబాయికి తెలిసే వీలూ లేదు, ఎందుకంటే ఆయనకు తెలిసింది నిన్నటి దొరబాబు. ఒకరి దగ్గర "ఆరు రోజులుగా తినడం లేదు" ఉంది. ఇంకొకరి దగ్గర "పెరుగన్నం వదలడు" ఉంది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టిన క్షణానే రోగం పేరు బయటపడింది. అవి కలవడానికి ఫోనూ, వాట్సాపూ, రోజుకో ఫోటో, అన్నీ ఉన్నాయి. "బాగున్నాడు సార్" అన్న ఒక్క మాట మధ్యలో అడ్డంగా కూర్చుంది.

* * *

రక్తపరీక్ష, సెలైను, మందులు అయ్యాక ఆ కుర్రవాడూ నేనూ ఆసుపత్రి బయట టీ తాగాం. నిలదీయాలనే ఉద్దేశంతోనే మొదలుపెట్టాను. వాడు చెప్పింది విన్నాక నా స్వరం తగ్గింది.

"చెబుదామనే అనుకున్నా సార్ మొదటిరోజు. పోయినేడాది ఒకాయన కుక్కకి విరేచనాలైతే వెంటనే ఫోన్ చేసి చెప్పా. ఆయన బెంగుళూరులో ఉన్నాడు. ఏం పెట్టావ్, ఎవడు పెట్టమన్నాడు అని గంటసేపు తిట్టాడు. డబ్బులు సగమే ఇచ్చాడు. నలుగురికీ చెప్పాడు కూడా. తిండి తినలేదని చెబితే మీ బాబాయిగారు మాత్రం అంత దూరం నుంచి ఏం చేస్తారు, నిద్ర చెడగొట్టుకోవడం తప్ప? రెండు రోజుల్లో తగ్గిపోతే చెప్పక్కర్లేదు కదా అనుకున్నా. రెండు రోజులు కాస్తా ఆరయ్యాయి. ఇక ఎట్లా చెప్పాలో తెలియక పాత ఫోటో పెట్టా."

తరవాత ఒక మాట అన్నాడు. "గోమారి జ్వరం సంగతి నాకు చెప్పలేదు సార్ వాళ్ళు."

అది నిజం. వదిలేరోజున "ఏమైనా జబ్బులున్నాయా?" అని వాడు అడిగితే, "ఏం లేవు, బంగారం" అన్నారట. పాత జబ్బు చెబితే చేర్చుకోరేమోనని పిన్నికి భయం. ఆవిడే తరవాత నాతో చెప్పింది, దాచకుండా. వాడు వీళ్ళ నిద్ర చెడుతుందని దాచాడు, వీళ్ళు వాడు వద్దంటాడని దాచారు. రెండు వైపులా మంచి ఉద్దేశమే. మధ్యలో మాట రాని జీవం.

చట్టం ఏమంటుందో చూద్దామని నాకు ఆ రాత్రి కుతూహలం పుట్టింది. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, ఒకరి వస్తువును ఇంకొకరి స్వాధీనంలో పెట్టడానికి సంబంధించి ఒక అధ్యాయం ఉంది. కుక్క కూడా ఆ లెక్కలో వస్తువే. (ఆ మాట రుచించకపోయినా, ఆ అధ్యాయం రాసినవాళ్ళ మనసులో జంతువులు లేకపోలేదు. ఆవును ఒకరి దగ్గర వదిలితే, అక్కడ అది ఈనితే, ఆవుతో పాటు దూడనూ తిరిగి అప్పగించాలని 163వ సెక్షను ఉదాహరణ.) 151వ సెక్షను ప్రకారం, పుచ్చుకున్నవాడు తన సొంత వస్తువును ఒక వివేకవంతుడు ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. ఇంతవరకూ మనం ఊహించేదే. 150వ సెక్షను మాత్రం అటు తిరిగి యజమానిని పట్టుకుంటుంది: ఇచ్చే వస్తువులో తనకు తెలిసిన లోపాన్ని ముందుగా చెప్పి తీరాలి. దానికిచ్చిన ఉదాహరణ కూడా జంతువే. పొగరుబోతు గుర్రాన్ని, పొగరుబోతని తెలిసీ చెప్పకుండా ఒకడు ఇంకొకడికిస్తాడు. గుర్రం పరుగుతీసి, ఎక్కినవాడు పడి దెబ్బలు తింటే పూచీ గుర్రం ఇచ్చినవాడిదే. ఇక 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షను, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని బాగోగులు చూడవలసిన బాధ్యత వాళ్ళదేనని చెబుతుంది.

మనువు కాపరికి చెప్పమన్నాడు, కాంట్రాక్టు చట్టం యజమానికి చెప్పమంది. రెండూ కలిపితే పూర్తి ధర్మం అవుతుంది. రెండింటిలోనూ నేరంగా నిలిచేది దాపరికమే.

* * *

మా ప్రాంతపు రైతు మిరప టిక్కీని కోల్డ్ స్టోరేజిలో పెట్టినప్పుడు చేతికి కాగితం తీసుకుంటాడు. ఎన్ని టిక్కీలు, ఏ రకం, ఏ తేదీ, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూపించి అప్పు కూడా తెచ్చుకుంటాడు. నలభై కిలోల మిరపకాయలకున్నపాటి కాగితం ముప్పై కిలోల దొరబాబుకు లేకపోయింది. ఇలాంటి చోట్ల కుక్కను వదలవలసిన మిత్రులకు పనికొస్తుందని, ఆ తరవాత మేం రాసుకున్న కాగితంలో ఏముందో చెబుతాను.

యజమాని రాసివ్వవలసినవి: వయసు, బరువు, టీకాలు, ముఖ్యంగా పిచ్చికుక్క వ్యాధికీ పార్వోకూ వేయించిన తేదీలు, గతంలో వచ్చిన జబ్బులన్నీ, రోజుకు ఎంత తింటుంది, ఎప్పుడు తగ్గిస్తుంది, ఎంత జబ్బు చేసినా వదలనిది ఏమిటి, దేనికి భయపడుతుంది (దీపావళి టపాసులు, ఉరుములు), ఎక్కడ ముట్టుకుంటే కరుస్తుంది, ఎవరినైనా కరిచిందా. ఈ చివరిది అందరూ దాస్తారు. అదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అవతల చెయ్యి పెట్టేవాడు ఒక మనిషి. యజమానికి ఫోన్ అందకపోతే ఊళ్ళో ఎవరు నిర్ణయం తీసుకోవచ్చు, ఎంత ఖర్చు దాకా అడగకుండా పెట్టవచ్చు అన్నది కూడా రాయాలి.

కాపరి రోజూ పంపవలసినవి: ఎంత పెడితే ఎంత తిన్నది, నీళ్ళు తాగిందా, విరేచనం ఎలా ఉంది, గోమార్లు కనిపించాయా, నడకలో ఉత్సాహంలో తేడా ఉందా. ఐదు మాటలు చాలు. ఫోటో ఆ తరవాత. ఫోటో మన ముచ్చట కోసం, ఆ ఐదు మాటలూ కుక్క కోసం. పన్నెండు గంటలు తిండి ముట్టకపోతే యజమానికి చెప్పాలి, ఇరవైనాలుగు దాటితే డాక్టరుకు చూపించాలి అని మేం హద్దులు పెట్టుకున్నాం. మే నెల ఎండల్లో వగర్పు ఆగకపోయినా, చిగుళ్ళు మరీ ఎర్రబడినా, తూలినా, అప్పుడు చెప్పడం, చూపించడం రెండూ ఒకేసారి జరగాలి; వడదెబ్బకు గంటలు కూడా ఎక్కువే.

వీటికంటే కష్టమైనది ఒకటి కాగితం మీద రాయడానికి వీల్లేనిది. చిన్న చెడుకబురు చెప్పినప్పుడు యజమాని తిట్టకూడదు. తిడితే ఆ కబురుతో పాటు రాబోయే కబుర్లన్నీ ఆగిపోతాయి. "సగమే తిన్నాడు" అని చెప్పినవాడికి "చెప్పావు, మంచిపని చేశావు" అనగలిగిన యజమానికే నిజం అందుతుంది. బెంగుళూరు ఆయన తిట్టిన తిట్లకు ఫలితం ఏడాది తరవాత, ఆయనెవరో కూడా తెలియని దొరబాబు అనుభవించాడు.

* * *

దొరబాబు బతికాడు. నెల రోజులు మందులు వాడాం. మొదటి వారం ఒంగోలులో మా ఇంట్లోనే ఉన్నాడు, మా ఆవిడ వేలితో పెరుగన్నం నాకించింది. ఎడమకంటి చూపు బాగా తగ్గిపోయింది. ఇప్పటికీ ఆ వైపు నుంచి వెళితే ఉలిక్కిపడతాడు. ఆగస్టులో తిరిగొచ్చిన బాబాయి మందుల ఖర్చు తానే పెట్టుకున్నాడు. కుర్రవాడు జులై నెల డబ్బులు తీసుకోలేదు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. స్వామిపాల వివాదం మా ఇంట్లో అలా, ఏ ధర్మాసనం ఎక్కకుండానే తేలింది.

మరుసటి ఏడాది పిన్నికీ బాబాయికీ మళ్ళీ ప్రయాణం వచ్చింది, ఈసారి రెండో మనవడికి. దొరబాబును ఎక్కడ వదులుతున్నారని అడిగితే, బాబాయి అదే హాస్టలు పేరు చెప్పాడు. నేను ఆశ్చర్యపోయాను. ఇంట్లో చాలామంది దెబ్బలాడారు కూడా.

"వాడికిప్పుడు చెప్పడం తెలిసింది. నాకు వినడం తెలిసింది. కొత్తవాడి దగ్గర ఇదంతా మొదట్నుంచి నేర్చుకోమంటావా, దాని ప్రాణం మీద?" అన్నాడు.

ఈసారి గ్రూపులో ఫోటోలు తక్కువగా వచ్చాయి, మా చెల్లెలు విసుక్కుంది. మే నెలలో ఒకరోజు బాబాయి నాకు ఒక సందేశం పంపించాడు, హాస్టలు నుంచి తనకు వచ్చినదాన్నే. "సార్, ఇవాళ సగమే తిన్నాడు. పెరుగన్నం తిన్నాడు. చిగుళ్ళు బాగున్నాయి. జ్వరం చూశా, 101.8. చెవి వెనక ఒక గోమారి దొరికింది, తీసేశా. రేపు పొద్దున మళ్ళీ చూసి చెబుతా." కింద బాబాయి సొంతంగా ఒక్క ముక్క చేర్చాడు: "ఇక నేను పడుకుంటున్నా."